ఏడో సొరంగంలో వణకని బొమ్మ

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి గని ముఖద్వారం పక్కనున్న టీ గదిలో తడి బూట్ల వాసన, లిండెన్ పూల టీ వాసన ఎప్పటిలాగే కలిసిపోయి ఉన్నాయి. కొక్కేలకి సైకిలు హెల్మెట్లు వేలాడుతున్నాయి. కొరోష్కా లోయలోని ఆ సీసం గనిలో తవ్వకాలు ఆగిపోయి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు చీకటి సొరంగాల్లో సైకిలు తొక్కాలని ముచ్చటపడి వచ్చేవాళ్లని యెర్నెయా, ఆమె తమ్ముడు లోవ్రో లోపలికి తీసుకెళ్లి చూపిస్తుంటారు.

పొద్దున తొమ్మిదింటికి దారి బాగుందో లేదో చూసొస్తానని లోవ్రో ఒక్కడే లోపలికి వెళ్లాడు. పదకొండుకి రావాల్సినవాడు ఇంకా రాలేదు.

సహాయ బృందం వెతికితే మూడు సొరంగాలు కలిసే కూడలిలో అతని సైకిలు దొరికింది. గొలుసు తెగి ఉంది. అక్కడే మురుగు కాలవ ఇనపజల్లెడకి అతని హెల్మెట్ చిక్కుకుని తేలుతోంది, చీకట్లోనూ బొమ్మ తీయగల కెమెరాతో సహా. మూడు సొరంగాల నీళ్లూ ఆ జల్లెడ మీదుగానే పోతాయి. అందుకని అది ఎందులోంచి కొట్టుకొచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. వారం రోజుల వానకి లోపల నీళ్లు పెరుగుతున్నాయి. నాలుగింటికల్లా సొరంగాలు మునిగిపోతాయి, ఆలోపు మూడూ వెతకడం కుదిరే పని కాదు. ఒకటి ఎంచుకోవాలి.

ఎంచుకోవాల్సింది యెర్నెయా. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఆ కెమెరాలో రికార్డయిన వీడియో బొమ్మ నడిపిస్తోంది. పక్కనే వింకో నిలబడ్డాడు. ఒకప్పుడు ఇదే గనిలో మేస్త్రీ. లోపలికి వెళ్లబోతున్న సహాయ బృందం నలుగురికీ పెద్ద అతని కూతురు ష్పేలాయే.

"ఇదేంటమ్మాయ్, పడవలో పోతున్నట్టుంది. ఆ రాళ్ల మీద సైకిలు తొక్కితే పళ్లు ఊడొస్తాయి కదా" అన్నాడు వింకో.

"అది కెమెరా చేసే పని, బాబాయ్. లోపల గింజంత పరికరం ఒకటి ఉంటుంది. తల ఎటు ఎంత ఊగిందో సెకనుకి వందలసార్లు రాసుకుంటుంది. కెమెరా తీసేది పెద్ద బొమ్మ. మనకి చూపించేది అందులోంచి కోసిన ముక్క. తల కుడికి ఊగితే ఆ కోత ఎడమకి జరుగుతుంది. అందుకే మనకి కుదుపు తెలీదు."

వింకో చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపి చూశాడు. "సూప్ గిన్నె పట్టుకుని బస్సులో నిలబడ్డట్టు. బస్సు అటు వాలితే చెయ్యి ఇటు."

"అంతే."

"మరి కోసేసిన అంచులు?"

యెర్నెయా చెయ్యి ఆగిపోయింది. ప్రతి సొరంగానికీ మొదట్లో, గోడ అడుగున, తెల్లరంగుతో అంకె ఉంటుంది. ఇప్పటిదాకా చూసిన బొమ్మలో ఎక్కడా కనపడలేదు. కోతలో పోయుంటుంది.

"బాబాయ్, నిన్ను గని నుంచి రిటైర్ చేసినవాళ్లకి బుద్ధి లేదు" అంటూ కుదుపు తీసేసే స్టెబిలైజేషన్ మీట ఆపింది. తెర వెడల్పయింది. బొమ్మ ఒక్కసారిగా దడదడలాడింది. గోడలు ఎగిరెగిరి పడుతున్నాయి. లోవ్రో ఆయాసపడుతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. తమ్ముడి ఊపిరి వినగానే ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. బొమ్మని ముందుకి తోసింది.

కూడలి. గొలుసు తెగిన చప్పుడు. ఒక బూతు. హెల్మెట్ తీసి రాతి మీద పెట్టాడు. తెర నిండా నల్లటి రాయి. చాలాసేపు అదే. తర్వాత హెల్మెట్ పైకి లేచింది, చీకట్లో గిర్రున తిరిగింది, ఒక సొరంగంలోకి నడవడం మొదలుపెట్టింది. ఎడమ అంచున, అడుగున, తెల్లగా అంకె.

"ఏడు" అన్నారిద్దరూ.

వింకో గుమ్మంలోకి వెళ్లి ఆ మాటే చెప్పాడు. నలుగురూ లేచారు. లోపల్నుంచి మాట్లాడే ఫోను తీగ చుట్టిన పెద్ద చక్రం గుమ్మం దగ్గర పెట్టుంది. దాని కొసని, ఫోనుతో సహా, నడుముకి కట్టుకుని ష్పేలా, "స్రెచ్నో" అంది. శుభం కలగాలని గనిలోకి వెళ్లేవాళ్లు అనే మాట అది. బయటివాళ్లు తిరిగి అనాలి. వింకో అన్నాడు. నలుగురి అడుగులకి చక్రం కుదుపులు కుదుపులుగా తిరుగుతూ తీగ వదలసాగింది.

ఎంత దూరం వెళ్లాడో తెలిస్తే వాళ్లకి చెప్పొచ్చని యెర్నెయా మిగతా బొమ్మ చూస్తూ కూర్చుంది. గోడలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. నీటి బొట్ల చప్పుడు. తడి రాయి తళుకు. మళ్లీ గోడలు.

రెండు నిమిషాలు గడిచాక ఆమెకి ఏదో తేడాగా అనిపించింది. ఏంటో అర్థం కాలేదు.

బొమ్మ పడవలా పోతోంది.

మీట వైపు చూసింది. ఆపే ఉంది. వేసింది. తెర ఇరుకైంది, బొమ్మ అలాగే ఉంది. మళ్లీ ఆపింది. తెర వెడల్పయింది... బొమ్మ అలాగే ఉంది.

"బాబాయ్... ఇలా రా."

కెమెరాలోని ఆ గింజంత పరికరం రాసుకున్న గీత తెరిచింది. కూడలి దాకా రంపపు పళ్లలా ఉంది. రాతి మీద పెట్టిన చోట సాపు. హెల్మెట్ పైకి లేచిన చోట ఒక పెద్ద మలుపు. ఆ తర్వాత, సొరంగంలో నడిచినంత మేరా... రూళ్ల కర్రతో గీసినట్టు ఉంది.

"బండి మీద పెట్టుంటాడు" అన్నాడు వింకో గొంతు తగ్గించి.

"ఏడులో పట్టాలు లేవు. రాళ్లగుట్టలే. నువ్వే చెప్పావు." ఆమె వేలు తెర మీద ఆనింది. "ఊరికే నిలబడ్డా ఊపిరికి తల కదులుతుంది బాబాయ్. గుండె కొట్టుకున్నా ఈ గీత వణుకుతుంది."

ఇద్దరూ చప్పుడు వినడానికి వంగారు. నీటి బొట్లు. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి లేదు. కూనిరాగం లేదు. సొరంగం అలా వెనక్కి పోతూనే ఉంది, నున్నగా, తొందర లేకుండా. చివర్న తెర మీద నల్లటి నీళ్లు కనిపించాయి. కెమెరా వాటి మీదికి వంగింది. అప్పుడు మాత్రం అంతా గిర్రున తిరిగింది. ఎవరో వదిలేసినట్టు.

గోడ మీది టెలిఫోను మోగింది. యెర్నెయా తీసింది.

"అక్కా, ముందు తిట్టకు" అన్నాడు లోవ్రో.

"ఎక్కడున్నావురా?"

"కొండకి ఇటుపక్క, హోటల్లో. గొలుసు తెగింది. చేతిదీపం కూడా ఆరిపోయేట్టు అనిపించింది. మూడో నంబరు సొరంగంలోంచి పాత ద్వారం దగ్గర తేలాను. ఫోను మీ దగ్గరే వదిలేశాను కదా. నడిచి నడిచి కాళ్లు విరిగాయి. ఇక్కడ సూప్ బావుంది, నీకూ తేనా?"

"హెల్మెట్?"

"అక్కడే రాతి మీద పెట్టా. మెడ నొప్పి పుడుతుంటే. ఏం, పోయిందా?"

"ఏడులోకి వెళ్లావా?"

"ఏడులోకా? నాకేం పని అక్కడ?"

వింకోకి అంతా వినపడింది. పరుగెత్తి గుమ్మం దగ్గరి తీగ ఫోను ఎత్తాడు. "ష్పేలా, వెనక్కి రండి. వాడు దొరికాడు. బయటే ఉన్నాడు."

అవతల నీటి చప్పుడు. తర్వాత ష్పేలా గొంతు, గుసగుసగా. "నాన్నా, ఏం మాట్లాడుతున్నావు... లోవ్రో ఇక్కడే ఉన్నాడు. మా ముందు నడుస్తున్నాడు."

"వాడు కాదమ్మా. ఆగండి. అక్కడే ఆగండి."

"పిలుస్తుంటే తిరగట్లేదు. స్రెచ్నో అన్నాను, జవాబు చెప్పలేదు." ఆమె ఊపిరి వేగంగా వినిపిస్తోంది. "నాన్నా, వీడి నడక... ఈ రాళ్ల మీద..."

ఆ తర్వాత ఊపిరి వినపడలేదు. ఫోను ఆగిపోలేదు. నీటి బొట్ల చప్పుడు స్పష్టంగా వస్తూనే ఉంది.

"ష్పేలా" అన్నాడు వింకో. ఇంకోసారి అన్నాడు.

యెర్నెయా గుమ్మం దగ్గరికి వెళ్లింది. నలుగురూ ఆగిపోయారేమో, పరుగెత్తుకొస్తున్నారేమో అని చక్రం వైపు చూసింది.

చక్రం ఆగలేదు. తీగ లోపలికి పోతూనే ఉంది. ఒక్క కుదుపూ లేదు... నున్నగా, తొందర లేకుండా పోతోంది.