రేవులో చప్పట్లు

ఇరవై నాలుగు రోజుల ఓడ ప్రయాణంలో పదో రోజు దాటాక ఇవాళ ఏ వారమో ఎవరికీ గుర్తుండదు. అందుకే లిఫ్టులో కాళ్ల కింద పరిచే పట్టా మీద ఆ రోజు పేరు రాసి ఉంటుంది. తెల్లవారేలోగా దాన్ని మారుస్తారు. మిగతావాళ్లు చూసి నవ్వుకుంటారు. నేను చూసి, చిన్న పుస్తకంలో రాసుకుంటాను. నాకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఈమధ్య నా తలలోంచి రోజులే కాదు, మనుషులూ జారిపోతున్నారు.

ఆ రోజు పట్టా మీద మంగళవారం అని ఉంది. ఓడ అ కొరూన్యా అనే ఊరి రేవులో ఆగింది.

నాతో వచ్చింది మా ఆడపడుచు ఇమ్కె. ఆమె అన్న, నా భర్త హిన్రిక్, పోయిన ఏడాది ఇదే ఓడ ఎక్కడానికి ఇదే గట్టు మీద పరుగెత్తుతూ గుండె ఆగి పడిపోయాడు. ఆలస్యమై పరుగెత్తాడని ఇమ్కెకి తెలుసు. ఎందుకు ఆలస్యమైందో నేను చెప్పలేదు. పూర్తిగా మరిచిపోయేలోగా చెప్పేయాలనే ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ ఈ ఓడ ఎక్కాను. ఆ ఒక్క సంగతీ పుస్తకంలో రాసుకోవడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

ఓడల్లో తిరిగేవాళ్లకి ఒక సరదా ఉంది. ఓడ కదిలే వేళకి పై అంతస్తులో బీరు గ్లాసులతో కటకటాల దగ్గర చేరతారు. ఊళ్లో ఆలస్యం చేసుకుని గట్టు వెంట పరుగెత్తుకొచ్చేవాళ్లని చూసి చప్పట్లు కొడతారు. నేనూ కొట్టేదాన్ని.

పోయినసారి నా నీలం శాలువాని ఊళ్లో కాఫీ కొట్టులో కుర్చీ మీద వదిలేసి వచ్చాను. దానికోసం హిన్రిక్‌ని వెనక్కి పంపాను. పంపిన సంగతే మరిచిపోయి పై అంతస్తుకి వెళ్లాను. కింద తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన ఎవరో తూలుతూ పరుగెత్తుకొస్తున్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. చప్పట్లు కొట్టాను. అతను పడిపోయాక కూడా రెండుసార్లు కొట్టాను.

శాలువా అతని దగ్గర దొరకలేదు. అప్పటినుంచి హిన్రిక్‌ని తలుచుకుంటే పైనుంచి చూసిన ఆ టోపీయే కళ్లముందు నిలుస్తుంది. ముఖం రాదు.

కాసేపు ఊళ్లో తిరిగొస్తానన్నాను. ఇమ్కె మోకాలి నొప్పితో రాలేనంది.

"ఆరున్నరకల్లా వచ్చెయ్యాలి వదినా. పుస్తకంలో రాసుకో. ఆలస్యమైతే నీకూ చప్పట్లే."

అనేసి నాలుక కరుచుకుంది.

అదే కాఫీ కొట్టుకి వెళ్లాను. కొట్టతనికి నేనూ గుర్తులేను, శాలువా సంగతీ తెలియదు. ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తల ఎత్తేసరికి కిటికీ బయట సముద్రం మీదినుంచి పొగమంచు వీధిలోకి పాకి వస్తోంది. తడిసిన తాళ్ల వాసన, ఓడ పొగ వాసన. పుస్తకం తీసి చూశాను. ఆరున్నర అని ఉంది. గోడ గడియారం ఆరూ ఇరవై ఐదు చూపిస్తోంది.

పరుగెత్తాను.

గట్టు మీద దీపాలు మంచులో పచ్చగా మసకబారి ఉన్నాయి. నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఓడ ఎక్కడుందో కనిపించదు... ఆ తర్వాత, ఎక్కడో పైనుంచి, చప్పట్లు.

ముందు నలుగురైదుగురివి. తర్వాత చాలామందివి. ఎవరో ఈల వేశారు. మంచులోంచి ఓడ తెల్లటి గోడలా పైకి లేచింది. తల ఎత్తి చూశాను. కటకటాల దగ్గర ఇమ్కె. ఆమె పక్కన... తెల్ల టోపీ.

హిన్రిక్.

ముందుకి వంగి చూస్తున్నాడు. ఈసారి ముఖమంతా కనిపించింది. ఎండకి కందిన ముక్కు, నవ్వితే ఒకవైపే పైకి లేచే పెదవి... ఏడాదిగా వెతుక్కున్న ముఖం. నవ్వుతున్నాడు. చప్పట్లు కొడుతున్నాడు. నన్నే చూస్తున్నాడు, నేనెవరో తెలియకుండా.

"హిన్రిక్... నేనే" అన్నాను.

కాలు మడతపడింది. మోకాళ్ల మీద కూలబడ్డాను. పైన చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కరివి తప్ప.

టప్... టప్.

రెండుసార్లు.

ఓడ మనుషులిద్దరు నన్ను లేపి లోపలికి తీసుకెళ్లారు. వాళ్లు వద్దంటున్నా పై అంతస్తుకి వెళ్లాను. అందరూ భోజనాలకి దిగిపోయారు. ఇమ్కె ఒక్కతే కటకటాలు పట్టుకుని వణుకుతోంది.

"నీ పక్కన నిలబడిందెవరు?" అని అడిగాను.

"ఎవరూ లేరు వదినా. ఎవరో ముసలావిడ పరుగెత్తుతోందని నేనూ చప్పట్లు కొట్టాను. పడ్డాక గాని నువ్వని తెలియలేదు. నా కళ్లు పాడుగాను."

ఇక ఆపుకోలేకపోయాను. శాలువా సంగతి, అతన్ని పంపి మరిచిపోవడం, ఆ చప్పట్లు, అన్నీ చెప్పేశాను. ఇమ్కె సముద్రంకేసి చూస్తూ విన్నది. ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసు వదినా. బయల్దేరిన రోజు నుంచీ రోజూ చెబుతూనే ఉన్నావు. ఇది పదకొండోసారి. మొదటి రోజు నీతో మాట్లాడలేదు. రెండో రోజు తిట్టాను. ఇప్పుడు ఊరికే వింటున్నాను. రేపూ వింటాలే."

ఓడ కదిలింది. గట్టు దీపాలు ఒక్కొక్కటిగా మంచులో కలిసిపోయాయి. కనీసం ఆ ముఖమైనా జారిపోకముందే రాసుకోవాలని పుస్తకం తీశాను. అప్పుడు చూశాను, ఇమ్కె భుజాల మీద నీలం శాలువా. చిరిగిన అంచున నేను ఎర్రదారంతో వేసిన కుట్టు.

"ఇదెక్కడిది ఇమ్కె?"

"అదేమిటి వదినా, చలేస్తోందని నువ్వే కదా వెనకనుంచి వచ్చి కప్పావు. నువ్వు ఓడెక్కేశావనే కదా, కింద పరుగెత్తేది ఎవరో అనుకున్నాను..."

అంటూ ఆగిపోయింది.

శాలువాని ముట్టుకుని చూశాను. ఆ చలిలో, ఒకచోట, రెండు అరచేతులంత మేర, ఇంకా వెచ్చగా ఉంది.