ఏడో మెట్టుకు మూడు రోజుల ముందు

నిలయంలో పిల్లలను పెంచే అచ్చియ్యమ్మ పైడితల్లి గౌన్లు రెండు మడిచి సంచిలో పెట్టింది. దువ్వెన, దగ్గుమందు, ఈతచొక్కా సర్దింది. సంచి మూడున్నర కిలోలు దాటకూడదు. పుస్తకాలు అసలే కూడదు. సముద్రపు గట్ల మీది అనాథ పిల్లల నిలయాల్లో ఏ నిలయం పాఠాలు ఆ నిలయానివే. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

పైడితల్లికి పదకొండేళ్లు. అమ్మానాన్నలను సముద్రం తీసుకున్నాక ఇది ఐదో నిలయం. భిన్నాలు ఐదుసార్లు నేర్చుకుంది. దశాంశాలకు చేరడం ఇదే మొదలు. గురువారం ఏడో మెట్టు పరీక్ష. అది దాటిన పిల్లల చదువు ఎక్కడికి పంపినా వాళ్ల వెంటే వెళ్తుంది. దాటనివాళ్లది చెరిపేస్తారు. ఈరోజు సోమవారం, పైడితల్లిని మరో నిలయానికి పంపే రోజు.

“మామ్మా, అక్కడ కూడా అర, పావు నుంచేనేటి?”

“అవునే.”

“అయితే ఆ పంతులికి నానే సెప్పేస్తాను. పావు అంటే సాలు, తలనొప్పొచ్చేస్తంది.”

గుమ్మం ముందు పంపకపు బండి ఆగింది. డ్రైవరు లేడు. తలుపు తెరుచుకోవాలంటే పెంచిన మనిషి ‘అప్పగించాను’ అని మూడుసార్లు పైకి అనాలి. పెళ్లిలో అప్పగింతల్లాగా ఉంటే పిల్లలకు తల్లి లేని లోటు తెలియదని ఎవరో ఆ నియమం పెట్టారు. ఇరవై రెండేళ్లలో అచ్చియ్యమ్మ ఆ మాట నూట నలభై మందికి అంది. వెళ్లినవాళ్లలో ఒక్కరూ ఉత్తరం రాయలేదు. రాసేంత చదువు ఎవరికీ నిలవలేదు.

“అప్పగింత చెప్పండి,” అంది బండి.

“గురువారం సాయంత్రం రా. సెప్తాను.”

“ఆలస్యానికి కారణం?”

“పిల్లకి పరీచ్చుంది.”

“ఆ కారణం జాబితాలో లేదు.”

“నేకపోతే రాసుకో. నీకూ సదువు రాదేటి?”

పైడితల్లి పక్కున నవ్వింది.

బండి తొమ్మిదిసార్లు అడిగింది. అచ్చియ్యమ్మ ఆ మాట అనలేదు. అది వినకుండా తలుపు తెరవడం బండికి ఎవరూ నేర్పలేదు. చీకటి పడేలోగా సంగతి పక్క గట్లకు పాకింది. మర్నాడు ఆ తీరంలో అప్పగింత మాట వినబడక పదమూడు బళ్లు తలుపులు మూసుకునే నిలబడ్డాయి.

గురువారం పైడితల్లి పరీక్ష రాసింది. ఏడో మెట్టు దాటింది. సాయంత్రం అచ్చియ్యమ్మ అన్న మాట ప్రకారం మూడుసార్లూ ‘అప్పగించాను’ అంది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి, అప్పగింత ఆపినందుకు, అచ్చియ్యమ్మను విచారణకు తీసుకెళ్లారు. ఆమె తిరిగి రాలేదు.