పెద్ద కంట్రోలరు చెవి పరీక్ష

వరదకు రైలు వంతెన కొట్టుకుపోయిన ఏడాది జరిగిన సంగతి ఇది.

డిటెక్టివ్ ఆఫీసుకు పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చింది. విమానాశ్రయం టవర్‌లో కంట్రోలరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రేపు విచారణ సార్. నా లైసెన్సు పోతుంది."

రన్‌వే మీద మరమ్మతు బండి ఆగి ఉంది. ఆ మాట తన పక్కన కూర్చున్న పెద్ద కంట్రోలరుకు చెప్పానంటుంది ఆమె. ఆయన విమానాన్ని దిగమన్నాడు. పైలట్ బండిని చూసి, దిగబోతున్న విమానాన్ని మళ్లీ పైకి లేపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె చెప్పలేదని పెద్దాయన వాదన. గదిలో మాటలు రికార్డు కావు. ఇద్దరికీ వైద్య పరీక్షలు చేశారు. పెద్దాయన చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. దాంతో తప్పు ఆమె మీద పడింది.

"విన్నది తిరిగి చెప్పాలి కదా మీలో? ఆయన చెప్పారా?"

"లేదు, తలూపారు. నేనూ అడగలేదు. నాకు పని నేర్పిందే ఆయన. బాబాయ్ అంటాను. ఎలా అడగను సార్?"

డిటెక్టివ్ టవర్ ఎక్కాడు. వెంట అసిస్టెంటు. వరసకు బావమరిది, బావ ఏం చేసినా అబ్బురంగా చూస్తాడు.

పెద్దాయన మర్యాదస్తుడు. "ఇటు రండి" అని డిటెక్టివ్‌ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మాయి సీటు ఎడమ పక్కన ఉంది.

"పిల్ల మంచిదే. కానీ చెప్పలేదు. చెబితే వినకపోతానా?"

అసిస్టెంటు ఆ ఎడమ సీటు దగ్గర నిలబడి, "కాసిని మంచినీళ్లు దొరుకుతాయా అండీ?" అన్నాడు. ఆయన పలకలేదు. అద్దంలోంచి రన్‌వే చూస్తున్నాడు.

మెట్లు దిగుతూ అసిస్టెంటు, "నీళ్లడిగితే అంత గీరేంటి బావా!" అని గొణిగాడు. డిటెక్టివ్ నవ్వాడు.

అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్లారు. వినికిడి పరీక్షకు చిన్న గది. కుర్చీ వెనక గాజు కిటికీ, దాని బయట నర్సు మీట నొక్కితే లోపలి మనిషి హెడ్‌ఫోన్‌లో సన్నటి కూత వినిపిస్తుంది. వినగానే అతను బొత్తాం నొక్కాలి. కుర్చీ ఎదురుగోడకు అద్దం బిగించిన విమానం పటం ఉంది.

"పెద్దాయనది పాము చెవండీ" అంది నర్సు. "నేను మీట నొక్కీ నొక్కకముందే పట్టేస్తారు. వచ్చినప్పుడల్లా కుర్చీ మాత్రం పక్కకి జరుపుకుంటారు. ఏసీ గాలి పడదట."

డిటెక్టివ్ కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. చాలాసేపు పటం కేసి చూశాడు.

సాయంత్రం అందరినీ అక్కడికే పిలిపించాడు. మరోసారి పరీక్ష చేయమన్నాడు. చెవులు బాగున్నాయని రాసిచ్చిన డాక్టరు విసుక్కున్నాడు. పెద్దాయన మాత్రం, "ఎన్నిసార్లయినా చేసుకోండి" అంటూ లోపలికి వెళ్లి కుర్చీ జరుపుకున్నాడు. నర్సు మీట నొక్కుతోంది, ఆయన బొత్తాం నొక్కుతున్నాడు. కుడి చెవి అయింది, ఎడమ చెవీ అయింది. ఒక్కటీ తప్పలేదు.

"చూశారా?" అన్నాడు డాక్టరు.

డిటెక్టివ్ యంత్రం వెనకనుంచి చెయ్యి పైకెత్తాడు. చేతిలో ఒక తీగ కొస.

"ఎడమ చెవికి వెళ్లే తీగ ఇది. మొదటే పీకేశాను. రాని కూతకు ఆయన బొత్తాం నొక్కారు. ఎదురుగా పటం అద్దంలో నర్సమ్మ చెయ్యి కనబడుతుంది. చేతిని చూసి నొక్కుతారు. మధ్యాహ్నం మా బావమరిది మంచినీళ్లడిగిందీ ఆ ఎడమ చెవి పక్కనుంచే."

"అయితే గీర కాదన్నమాట!" అన్నాడు అసిస్టెంటు.

"ఆ రోజు ఆయనకు ఏమీ వినబడని మాట నిజమే. ఎందుకు వినబడలేదో మాత్రం ఆయనకు తెలుసు."

డాక్టరు తల వంచుకున్నాడు. "చెవుడని తేలింది. అమ్మాయి చెప్పిందని తేలలేదుగా?" అన్నాడు.

"తేలలేదు. అది ఆయన నోటే రావాలి."

అమ్మాయి ఆయన కుడి పక్కకు వెళ్లింది. "బాబాయ్, నేను చెప్పాను."

"ఈ పని తప్ప నాకింకేం వచ్చు అమ్మాయ్" అన్నాడాయన. లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున విచారణ గది తలుపులు తీసేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. అధికారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పిల్ల చెప్పింది. నాకు వినబడలేదు. ఎడమ చెవి పోయి చాలా కాలమైంది. ఇవాళే దాన్ని మళ్లీ డ్యూటీ ఎక్కించండి."

జేబులోంచి తన వైద్య అర్హత పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. గాలికి ఎగరకుండా దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి, మెట్లు దిగాడు.