చుక్కల కీబోర్డు, చాచిన చేయి

"పదకొండింటికి బటన్ నొక్కుతారు. ఆలోపు తేల్చు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

నైజీరియాలోని ఇబాదాన్ భాషా కేంద్రం ముందు పదింటికి కారు దిగాడు ఏజెంట్ కొలాపొ. బూడిదరంగు సూటు, పెట్టుడు గడ్డం, మెడలో "డాక్టర్ కోల్, లండన్" అన్న కార్డు. యొరుబా భాష అక్షరాల కింద చుక్కలు, పైన స్వరాల గుర్తులు ఒక్క నొక్కుతో పడే కొత్త కీబోర్డు లేఅవుట్ ఈ రోజే రాష్ట్రంలోని ప్రతి ఆఫీసుకూ వెళ్తుంది. దాని ఫైలులో ఒక విదేశీ ముఠా దొంగ ప్రోగ్రాం దూర్చిందని సమాచారం. అదే నిజమైతే ఆసుపత్రిలో, కోర్టులో, పోలీస్ స్టేషన్‌లో ఎవరు ఏం టైపు చేసినా ముఠాకు చేరిపోతుంది.

లేఅవుట్ తయారుచేసినావిడ గుమ్మంలోనే ఉంది. ఆమెను చూడగానే కొలాపొ కాళ్లు ఆగిపోయాయి. అబెని టీచర్. నాలుగో తరగతిలో తన వేలు పట్టి అక్షరం కింద చుక్క పెట్టించిన మనిషి.

పెద్దలు కనబడితే యొరుబా మగవాడు నేల మీద బోర్లా పడి, ఆడది మోకరిల్లి దణ్ణం పెట్టాలి. లండన్ డాక్టరు పెట్టడు. కొలాపొ చేయి చాచాడు.

ఆమె ఆ చేతిని ఒక్క క్షణం చూసి, వేళ్లతో తాకి వదిలేసింది.

"లండన్‌లో నడుములు వంగవు కాబోలు," అంది పక్కనున్న ఎండుచేపల వ్యాపారి శిఫావుతో.

"చలికి బిగుసుకుపోతాయేమోనమ్మా," అంది శిఫావు. హాల్లో ముందు వరసలో కూర్చున్న మార్కెట్ ఆడవాళ్లు నవ్వారు. ఆరేళ్లుగా ఆ మార్కెట్ ఆడవాళ్ల చేతే టైపు చేయించి, ఎవరి వేలు ఎక్కడ తడబడితే అక్కడి మీట మార్చుకుంటూ వచ్చింది టీచర్. కొలాపొ చెవులు మండాయి.

హాలంతా గాలించి వేదిక దగ్గరికి చేరేసరికి పదకొండు కావస్తోంది. పక్కన అజొకె. జరీ తలపాగా, ఖరీదైన సెంటు. డిపార్ట్‌మెంట్ ముందుగా పంపిన సాటి ఏజెంట్.

"వాన వెలిసింది," అంది మెల్లగా. ఫైలు శుభ్రంగా ఉందని దాని అర్థం.

అలవాటు కొద్దీ వాచీని వేదిక మీద ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ దగ్గరగా తిప్పాడు కొలాపొ. వాచీలో ఎర్ర లైటు వెలిగింది, అంటే లోపల దొంగ ప్రోగ్రాం ఉంది. అజొకె ముఠాకు అమ్ముడుపోయింది.

పది యాభై ఎనిమిది. టీచర్ వేలు బటన్ మీదికి వెళ్తోంది.

"ఆపండి. ఆ ఫైలు మార్చేశారు. మార్చింది ఈవిడే," అని అజొకెను చూపిస్తూ అరిచాడు కొలాపొ.

అజొకె తొణకలేదు. తన డిపార్ట్‌మెంట్ ఐడీ కార్డు తీసి చూపించింది. కొలాపొ జేబులో ఉన్నదీ అచ్చం అలాంటిదే. ఇక అది తీసినా ఉపయోగం లేదు.

"పొద్దున ఈ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని పలకరించింది," అంది టీచర్. "నువ్వేమో చేయి చాచావు. ఎవరి మాట వినమంటావ్, డాక్టరు?"

పది యాభై తొమ్మిది. కొలాపొ గడ్డం పీకేశాడు. సూటుతోనే గచ్చు మీద బోర్లా పడ్డాడు.

"కొలాపొనమ్మా. నాలుగో తరగతి, మూడో బెంచీ. చుక్కల్లేకుండా పేరు రాశానని ఎండలో నిలబెట్టారు. ఇప్పటికీ చుక్కల్లేకుండానే రాస్తున్నాను. గుమ్మంలో మిమ్మల్ని చూసీ నిలబడే ఉన్నాను."

గడియారం పదకొండు కొట్టింది. టీచర్ వేలు బటన్ మీద నుంచి వెనక్కి వచ్చింది.

"నేను గుమ్మంలోనే గుర్తుపట్టాను," అంది. "నువ్వే పట్టనట్టు నిలబడ్డావు. ఎంతసేపు అలా ఉంటావో చూద్దామనుకున్నా."

అజొకె తలుపు వైపు నడిచింది. తలుపు దగ్గర అప్పటికే శిఫావు నిలబడి ఉంది, ఆమె వెనక మార్కెట్ ఆడవాళ్లు. "ఎక్కడికమ్మా? పొద్దున అంత బాగా మోకరిల్లావు. మళ్లీ ఓసారి కూర్చో."

పోలీసులు అజొకెను తీసుకెళ్లాక టీచర్ తన దగ్గరున్న అసలు ఫైలు పెట్టి, కొలాపొ ముందుకు కీబోర్డు జరిపింది. "పేరు కొట్టు." అతని వేళ్లు మూడు చోట్ల తడబడ్డాయి. ఆమె ఆ మూడు చోట్లనూ కాగితం మీద రాసుకుంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "పదేళ్ల మారువేషం పోగొట్టావు. రిపోర్టులో ఆయుధం అన్న గడి ఖాళీగా వదిలావేం?"

"ఆయుధమేమీ వాడలేదు సార్. దణ్ణం పెట్టానంతే. అదీ గంట ఆలస్యంగా."