బల్బు దొంగ

"ఎవరక్కడ? మేడ మీద బల్బు ఏమైంది?"

మాట పూర్తికాకముందే చీకట్లో బకెట్టు ఒకటి దొర్లింది. వెనకే "అమ్మా!" అన్న కేక.

మాస్టారు జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చేతిలో బల్బు ఉంది.

"నేనే తీశానండీ. నక్షత్రం బాగా కనబడాలని."

"నక్షత్రం కోసం నా కాలు విరగ్గొడతారా?"

ఆమె కింది వాటాలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. రోజంతా జనం కళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇప్పుడు బాగుందా?" అని అడగడం ఆమె పని. అతను పై వాటాలో తల్లితో ఉంటూ హైస్కూల్లో సైన్సు చెప్తాడు. క్లాసు దాటితే మాటలు పొదుపు.

"ఏదండీ ఆ మహానక్షత్రం?"

నీళ్ళ ట్యాంకు పైన తెల్లగా వణుకుతున్న చుక్కను చూపించాడు. "సిరియస్. ఆకాశంలో ఇంతకన్నా ప్రకాశంగా కనబడే నక్షత్రం లేదు."

ఆమె ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది. "అదురుతోంది. దీనికి అద్దాలు రాయాలి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని తర్వాత గుర్తొచ్చింది.

ఆ రోజే ఒప్పందం కుదిరింది. నక్షత్రం ట్యాంకు పైకి వచ్చేలోపు ఆమె ఆరిన బట్టలు తీసుకోవాలి. వచ్చాక అతను బల్బు తీసుకోవచ్చు.

రెండు వారాలకే ఫిర్యాదు వచ్చింది.

"బల్బు దొంగగారూ, ఇది అన్యాయం. మీ నక్షత్రం రోజూ ముందే వచ్చేస్తోంది. నా బట్టలు ఇంకా తడి!"

"రోజూ కాస్త ముందే వస్తుందండీ. మనం సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాం కదా."

"నేనెక్కడికీ తిరగడం లేదు. దుకాణం, ఇల్లు. అంతే."

బట్టలు తీసుకున్నాక ఆమె వెంటనే కిందికి వెళ్ళడం మానేసింది. ఒక సాయంత్రం అడిగింది: "ఈ పిచ్చి ఎవరంటించారు?"

"నాన్నగారు. ఎండాకాలం చివర్లో ఇది కనబడకుండా పోతుంది. వానాకాలంలో ఒక తెల్లవారుజామున తూర్పున మళ్ళీ వస్తుంది. ఆ రోజు మమ్మల్ని లేపి పైకి తెచ్చేవారు." చేతిలోని బల్బును అటూ ఇటూ తిప్పాడు. "కిందటేడు అది తిరిగొచ్చేసరికి ఆయన లేరు."

మర్నాడు అతను పైకి వచ్చేసరికి బల్బు తీసి ఉంది. కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి పిట్టగోడ మీద పెట్టి ఉంది.

చలి తగ్గింది. చీకటి పడేసరికే నక్షత్రం నడి ఆకాశంలో ఉండేది. తర్వాత పడమటికి జరిగింది. ఎండలు ముదిరాక ఇళ్ళ కప్పుల దాకా దిగింది.

"ఇక రేపు కనబడకపోవచ్చు," అన్నాడు.

"అయితే మీరూ రారా? ఇన్నాళ్ళూ నక్షత్రం కోసమే వచ్చారా?"

సరైన మాట కోసం వెతికాడు. అది దొరికేలోపు నోటికి దగ్గరగా ఉన్నది బయటపడింది. "అవునండీ."

"సరే మాస్టారుగారూ," అని ఆమె దిగి వెళ్ళిపోయింది.

మిగిలిన ఎండాకాలమంతా, వానలు మొదలయ్యాక కూడా, బల్బు వెలుగుతూనే ఉంది. మెట్ల మీద ఎదురైతే, "ఆంటీ బాగున్నారా?" అని అతని తల్లిని పలకరించేది. అతనికి మాత్రం, "నమస్కారం మాస్టారుగారూ."

"ఏరా, ఆ అమ్మాయి నిన్ను 'మాస్టారుగారూ' అంటోంది. ఏం చేశావు?" అంది తల్లి.

"నేనేం అనలేదమ్మా."

"అదే నువ్వు చేసింది. ఆ పిల్లని వేరే ఊరి దుకాణానికి వెళ్ళమంటున్నారట. ఈ వారంలో అవుననో కాదనో చెప్పాలట. నువ్విలాగే నోరు కుట్టుకుని కూర్చో."

నక్షత్రం తిరిగొచ్చే రోజులవి. మర్నాడు తెల్లవారకముందే అతను మెట్లెక్కాడు. ఆకాశం నిండా మబ్బు. అయినా ఎక్కాడు. మేడ మీద చీకటి. బల్బు కోసం చెయ్యి చాచాడు. హోల్డరు ఖాళీగా ఉంది.

"బకెట్టు చూసుకోండి," అంది పిట్టగోడ వైపు నుంచి గొంతు.

"మబ్బు పట్టింది," అన్నాడు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"నక్షత్రం కనబడదు."

"తెలుసు. నాలుగు రోజులుగా కనబడటం లేదు."

"నాలుగు రోజులుగానా! ఎందుకొస్తున్నారు?"

"అది వచ్చిన రోజు మిమ్మల్ని లేపడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా." మళ్ళీ తనే అడిగింది, "ఇంత మబ్బులో మీరెందుకొచ్చారు? నక్షత్రం కోసమేనా?"

ఈసారి అతను మాటలు ఏరుకోలేదు. "కాదు. మీరుంటారేమోనని. అప్పుడూ మీ కోసమే వచ్చాను. ఆ ఊరు వెళ్ళకండి. నాతో ఉండిపోండి."

ఆమె లేచి వచ్చి, తడుముకుంటూ బల్బు బిగించింది. వెలుగు పడింది. అతని మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఇప్పుడు బాగుందా?"

"బాగుంది."

కింది నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఒరేయ్, ఏమన్నా మాట్లాడావా? లేక మళ్ళీ పాఠమేనా?"

అతను నోరు తెరిచాడు. ఆమె ముందే అందుకుంది.

"మాట్లాడారు, అత్తయ్యా!"