ముందు సీట్లో ఎవరూ లేరు

"గుర్రం లేని బండి వచ్చె, గుమ్మం ముందు నిలిచె... ఎక్కినమ్మ ఎవరే అంటే..."

ఆ తర్వాతి ముక్క అమ్మమ్మకి ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో పాడుకున్న పాట. కారు వెనక సీట్లో కూర్చుని తనలో తను కూనిరాగం తీస్తుంటే, పక్కనున్న మనవరాలు చెయ్యి నొక్కింది.

"ఇప్పుడు పాటలేంటి అమ్మమ్మా? ఆయన చూస్తున్నాడు."

ఆయనంటే ఆ రోజు జరిగింది మళ్లీ నడిపించి చూడ్డానికి విచారణకొచ్చిన అధికారి. నెల కిందట ఇదే మలుపులో, ఇలాగే పొద్దువాలే వేళ, ఇదే కారు ఒక దర్జీ ఆవిడను గుద్ది చంపేసింది. డ్రైవరు లేకుండా నడిచే కారు. లోపలున్నది అమ్మమ్మ ఒక్కతే. మరి తప్పెవరిది?

కంపెనీ లాయరు తేల్చేశాడు. తిన్నగా పోతే ఆవిడకి ముప్పు, గోడవైపు తిరిగితే అమ్మమ్మకి ముప్పు. అందుకే కారు "పక్కకు తిప్పాలా?" అని తెర మీద అడిగింది. మూడు సెకన్లు చూసింది. అమ్మమ్మ బదులు పలకలేదు. కాబట్టి తప్పు ఆమెదే.

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్న మనిషి. వేలు పెట్టి కూడబలుక్కుంటే గానీ చదవలేదు. ఆ రోజూ "ప... క్క... కు..." అని సంబరంగానే మొదలుపెట్టింది. "తి" దగ్గరికి వచ్చేసరికి దబ్బుమంది.

"చదవడం రాదని చెప్పెయ్, జైలు తప్పుతుంది," అంది మనవరాలు గుసగుసగా.

"వచ్చు కదే!"

"నీ చదువు మన కొంప ముంచేలా ఉంది."

అధికారి రోడ్డు మధ్య వంగి టేపు పరుస్తూనే చెయ్యి ఊపాడు. కారు మెల్లగా కదిలింది. లోపల ఏదో వాసన... ఏళ్ల తరబడి మూత తియ్యని పెట్టె వాసన.

టింగ్... టింగ్...

"ఏంటే ఆ చప్పుడు?"

"ముందు కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది." మనవరాలు ముందుకు వంగి చూసింది. "కానీ... అక్కడ ఎవరూ..."

సీటు ఖాళీ. మెత్త మాత్రం కిందికి అణిగి ఉంది.

బెల్టు సర్రున సాగింది. టక్... చప్పుడు ఆగింది. ముందు నుంచి సన్నగా ఒక ఆడగొంతు.

"...ఎక్కినమ్మ... దిగనే లేదు..."

కారు ఒక్కసారిగా వేగం అందుకుంది. ఎదురుగా అధికారి, వంచిన తల ఎత్తకుండా కొలుచుకుంటున్నాడు. తెర మీద అదే ప్రశ్న వెలిగింది. ఈసారి అమ్మమ్మకి వేలు అక్కర్లేకపోయింది.

"తిప్పు! నీకు దణ్ణం పెడతాను, తిప్పమ్మా!"

కారు విసురుగా తిరిగి, గోడకు జానెడు దూరంలో ఆగింది.

అధికారి పరుగున వచ్చి తలుపు తీశాడు. "ఎవర్ని తిప్పమన్నారండీ?"

అమ్మమ్మ ముందు సీటు వైపు చూసింది. నెల కిందట తన ఒళ్లో తల పెట్టుకుని కన్ను మూసేముందు దర్జీ ఆవిడ అన్న మాట, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది, చెవిలో మళ్లీ వినిపించింది.

"ముందు కూర్చున్నామె... నన్ను చూసి కూడా తిప్పలేదమ్మా."