డ్రమ్ము అడుగున

తాళం చెవి ఎవరి దగ్గరుంటే దొంగ వాడే. ఫారూఖ్ విషయంలో అంతే జరిగింది. ఆరేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేసిన చాకిరీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఉదయం అతను కర్నూలులో డిటెక్టివ్ మహానంది గదిలోకి వచ్చాడు.

"సాయంత్రం లోపల ఒప్పుకోకుంటే పోలీసులకు పట్టిస్తానంటాండాడు సార్, మా ఓనరు. నాచు నేనే చంపినానంట."

డోన్ దగ్గర ఆ ఓనరు రాజశేఖర్ షెడ్డులో ఉప్పునీళ్ళ సంచుల్లో సన్నని నాచు పెంచుతారు. రైల్లో కోస్తాలోని హేచరీకి పంపుతారు. అక్కడ కంటికి ఆనని ఆల్చిప్ప పిల్లలకు అదే మేత. పది రోజులుగా నాచు తెల్లబడి చస్తోంది. హేచరీలో నిల్వ మేత ఇంకో నాలుగు రోజులకే ఉంది. తర్వాత పిల్లలూ చస్తాయి.

మహానంది, ఆయన సహాయకురాలు నాగజ్యోతి పదకొండుకల్లా షెడ్డు దగ్గరున్నారు. రాజశేఖర్ కారులో, ఆఫీసు తలుపు మీద, ఇంటి గుమ్మానికి దిష్టి తగలకుండా రాగి రేకులున్నాయి. షెడ్డు తలుపుకు మాత్రం రెండు మేకులే.

"ఎప్పటినుంచి ఇట్ల?" అడిగాడు మహానంది.

"అమావాస్య మర్నాటి నుంచి. ముందురోజే హేచరీ వాళ్ళొచ్చి, ఇంత పచ్చగా యాడా చూడలేదని మెచ్చుకొని పోయిరి. తాళం ఈయప్ప దగ్గరే ఉంటాది. ఇంకేం కావల్ల?" రాజశేఖర్ ఫారూఖ్ వైపు చెయ్యి చూపాడు.

"ఇంకో తాళం చెవి?"

"నాది. నా నాచు నేనే చంపుకుంటానా?"

పక్క గదిలో, సంచుల్లోకి వేసే నాచు విత్తనం సీసాలు పచ్చగా మెరుస్తున్నాయి.

"ఇవీ నువ్వే చూస్తాండావా?" మహానంది ఫారూఖ్‌ను అడిగాడు.

"నేనే సార్. వీటికి పాత క్యాన్ల నీళ్ళు. సంచులకు ఆ పెద్ద డ్రమ్ము నీళ్ళు."

మహానంది అందరినీ డ్రమ్ము దగ్గరికి పిలిచాడు. రాజశేఖర్ తల్లి రామలక్ష్మమ్మ కూడా వచ్చింది.

"చెయ్యి అదే, విత్తనం అదే. నీళ్ళొకటే వేరే. షెడ్డు తలుపు మీది రేకు యాడికి పోయిందప్పా?"

ముసలమ్మ మాట్లాడింది.

"వచ్చినోళ్ళ కన్ను పడిందని ఆ పొద్దే నువ్వే పీకితివి కదరా! నీళ్ళల్లో ఏస్తే నాచుకు మేలంటివి!"

నాగజ్యోతి కొక్కెం వేసి లాగింది. అంచులు తినేసిన రాగి రేకు బయటికి వచ్చింది.

"ఉప్పునీళ్ళు రాగిని తింటాయి. ఆ రాగి నాచుకు విషం" అన్నాడు మహానంది. "చంపింది నువ్వే. దిష్టి తీసినాననుకున్యావు, అందుకే నీ మీద నీకు అనుమానం రాలేదు. ఫారూఖ్ మీద మాత్రం ఎంత తొందరగా వచ్చె!"

ఫారూఖ్ అక్కడే కూలబడ్డాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"స్టీలుదే కదమ్మా?" అన్నాడు ఫారూఖ్. నాగజ్యోతి పకాలున నవ్వింది. ఆ గడుసు ప్రశ్న ముందు తనకు తట్టనందుకు మహానంది కూడా.

డ్రమ్ము పారబోశారు. మిగిలిన క్యాన్ల నీళ్ళలో సీసాల విత్తనం కలిపారు. నాలుగో రోజు మేత రైలెక్కింది. మర్నాడు హేచరీ నుంచి ఫోను: పిల్లలు తింటున్నాయి, సూక్ష్మదర్శినిలో కడుపులు పచ్చగా కనబడుతున్నాయి.

రాజశేఖర్ షెడ్డులోకి వచ్చాడు. "ఫారూఖ్, ఆ పొద్దు నేను..."

"సంచులు కడగల్ల సార్. ఆ మాట మీరు ఎత్తొద్దు. నా నోటెంట ఇంక రాదు."

రాలేదు.